అనురక్తియా? అభ్యాసమా?

“వృత్తిని ఎన్నుకొనుటకు ఇష్టము ముఖ్యమా, పట్టుదల ముఖ్యమా?” అని ఒక విద్యార్థి నన్నడిగెను.

తాళ్లపాక అన్నమాచార్యులవారికి 1424లో, పదునారవయేట, స్వామి సాక్షాత్కరించెనని రాగిరేకు చెప్పుచున్నది. అనురక్తి ఆనాటి వరము. కాని 1503లో పరమపదించువరకు వారు సంకీర్తనసేవను మానలేదు. 32,000 సంకీర్తనలు రచించిరను ప్రతీతి ఆ నిత్యవ్రతమునకే చెల్లును. గీతాచార్యుడును చంచలమగు మనస్సునకు అభ్యాసవైరాగ్యములనే ఉపాయముగా బోధించెను.

పాఠశాలలో శబ్దమంజరి తొలుత నాకు చేదుగా నుండెను. వల్లెవేయగా వేయగా అదియే తీపి యయ్యెను.

తల్లిదండ్రులారా! బిడ్డల అభిరుచిని అణచవలదు. విసుగు పుట్టిన తొలినాడే చదువు మాన్పింపవలదు. నాయనా! ఇష్టము వాకిలి చూపును, అభ్యాసము గర్భగుడికి చేర్చును. రుచింపనినాడును విడువలేని పనినే వరింపుము. శ్రీనివాసుడు నీకు తోడగుగాక!