బిట్లు చదివే బిడ్డకు



ఏఎన్ఎం కోర్సు పూర్తిచేసి, మెడికల్ బోర్డు పరీక్ష కోసం వీర్నపల్లిలోనే ఉండి బిట్ బ్యాంకులు తిరగేస్తున్నావని తెలిసింది. మార్కుల కిటుకులు చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అవి చెప్పేవాళ్లు కరీంనగర్‌లో వీధికొకరు ఉన్నారు, ఫీజులూ బాగానే తీసుకుంటారు. నాకు చెప్పాలనిపించింది వేరే. నువ్వు చేయబోయే పని మంచిగా చేశావో లేదో నీ దగ్గరికొచ్చే మనిషి తేల్చుకోలేడు. దర్జీ కుట్టిన జాకెట్ బిగుతైతే తొడుక్కున్న రోజే తెలిసిపోతుంది. టీకా వేయించుకున్న బిడ్డకు తట్టు రాకపోతే, అది టీకా మహిమో, అసలు రోగమే సోకలేదో ఆ తల్లికి ఎన్నటికీ తెలియదు. రోగం రాకుండా చూడటమే నీ పని. రాని రోగాన్ని ఎవరూ చూడలేరు, దానికి ఎవరూ దండం పెట్టరు, పని చెడితే వెంటనే నిలదీసేవాళ్లూ ఉండరు. అందుకే ఈ వృత్తిలో నీతి అనేది ఉద్యోగంలో చేరాక మొదలయ్యేది కాదని, ఇప్పుడు నువ్వు పుస్తకం ముందు కూర్చున్న తీరులోనే చాలావరకు తేలిపోతుందని నా అభిప్రాయం.

ఒక బిట్ తీసుకుందాం. ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా పొడిని నీళ్లలో కలిపాక ఎన్ని గంటల్లోపు వాడాలి? నాలుగు. ఇది నీకు నిద్రలో అడిగినా వచ్చు. ఇప్పుడు ఎల్లారెడ్డిపేట నుంచి విడిపోయి 2016లో మండలమైన మీ వీర్నపల్లి చుట్టూ ఉన్న తండాల్లో ఏదో ఒకదాన్ని తలుచుకో. పొద్దున తొమ్మిదిన్నరకు సీసా విప్పి కలిపావు. మధ్యాహ్నం రెండు కావస్తుండగా పత్తి చేను నుంచి ఒక తల్లి బిడ్డనెత్తుకుని ఉరికొచ్చింది. సీసాలో ఇంకా రెండు మూడు డోసులున్నాయి, ఐస్ ప్యాక్ చల్లగానే ఉంది. 'నాలుగు' అన్న అంకె మాత్రమే తెలిసినవాళ్లకు అది సర్కారు రూలులా కనబడుతుంది. అరగంటకు ఏమైతుందిలే అనిపిస్తుంది. పొడిని కలిపిన ఆ నీళ్లలో క్రిములను ఆపే మందు ఏదీ ఉండదని, సీసాలోకి క్రిమి చేరితే గంటగంటకూ పెరుగుతుందని, దాని విషం పసిబిడ్డ ప్రాణం తీయగలదని తెలిసినవాళ్ల చెయ్యి ఆగుతుంది. ఐదు రోగాలకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకా సీసాలో ఆ మందు ఉంటుంది; అందుకే దాని మీద తేదీ రాసి, చల్లదనం తప్పకుండా చూసుకుంటే 28 రోజుల దాకా వాడనిస్తారు. కారణం తెలిస్తే రెండు అంకెలూ కలిసే గుర్తుంటాయి. ఆ ఒక్క బిడ్డ కోసం నువ్వు కొత్త ఎంఆర్ సీసా విప్పాలి. మిగిలిన డోసులు వృథా అయ్యాయని రిజిస్టర్‌లో రాయాలి, ఎందుకని పైవాళ్లు అడిగితే జవాబు చెప్పుకోవాలి. పాత సీసాతో కానిచ్చేస్తే మాత్రం ఎవరూ అడగరు.

నువ్వు అనబోయేది ఊహించగలను. పోటీలో వేలమంది, ఒక్క మార్కు తేడాతో ఉద్యోగం చేజారుతుంది. కారణాలు తవ్వుకుంటూ కూర్చుంటే సిలబస్ ఎప్పుడు అయ్యేను? న్యాయమైన మాటే. కారణం తెలుసుకుని చదివితే మార్కులు ఎక్కువొస్తాయని నేను మాటివ్వను. బట్టీ పట్టినవాళ్లు నీకంటే ముందే పోస్టింగ్ తెచ్చుకోవచ్చు. బిట్లు వదిలేయమని కూడా అనను. రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది 1897 ఆగస్టు 20న అన్నది తేదీగా గుర్తుంటే చాలు, అది మరిచిపోతే ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. మందు మోతాదు, వాడే గడువు, ప్రమాద సూచన, ఎప్పుడు ఎక్కడికి పంపాలన్నది, ఇవి వచ్చినచోట మాత్రం ఎందుకో తెలియకుండా పేజీ తిప్పకు. మొత్తం సిలబస్‌లో ఇవి మరీ పెద్ద భాగమేం కాదు.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. ఏళ్ల తరబడి తండాలు తిరిగిన ఆశా అక్కకు, కాంట్రాక్టు ఏఎన్ఎంకు పుస్తకం కొత్తగా నేర్పేదేముంది? సర్కారు దవాఖానల్లో చేసిన సర్వీసుకు బోర్డే పాయింట్లు ఇస్తోంది కదా? ఇవ్వడం సబబే. ఏ ఇంటాయన దుబాయిలో ఉన్నాడో, ఏ కోడలు రక్తం తక్కువైనా పొద్దంతా బీడీలు చుడుతోందో పుస్తకంలో ఉండదు. అయితే అరుదుగా జరిగేది అనుభవానికి అందదు. 2018-20 లెక్కల్లో తెలంగాణలో లక్ష సజీవ జననాలకు 43 మంది తల్లులు చనిపోయారు. నీ సబ్‌సెంటర్ పరిధిలో ఏటా 100 కాన్పులు అవుతాయనుకో. 43ను 100తో హెచ్చించి లక్షతో భాగించు, 0.043 వస్తుంది. అంటే సుమారు ఇరవైమూడేళ్లకు ఒక మరణం. నీ నిర్లక్ష్యంతో ఆ ముప్పు రెట్టింపైనా పదకొండు, పన్నెండేళ్లకు ఒకటి. ఈలోపు బీపీ చూడకుండానే 120/80 అని రాసినా, హిమోగ్లోబిన్ అందాజాగా వేసినా ఎవరికీ ఏమీ కానట్టే ఉంటుంది. 'ఇన్నేళ్లలో మా దగ్గర ఏం జరగలేదు' అన్న ధీమా అట్లా పుడుతుంది. లక్షల మంది తల్లుల లెక్కను ఒకచోట పెట్టి చూసిన చదువే ఆ ధీమాను పోగొట్టగలదు. అమెరికాలో ప్రజారోగ్య రంగంలో చేరడానికి సర్టిఫైడ్ ఇన్ పబ్లిక్ హెల్త్ (సీపీహెచ్) అనే సర్టిఫికెట్ ఉండి తీరాలన్న నియమం లేదు. అయినా ఆ వృత్తివాళ్లు 2008 నుంచి తమకు తామే ఆ పరీక్ష పెట్టుకున్నారు. ఎన్నేళ్ల సర్వీసు ఉన్నా కొన్ని విషయాలు కళ్లతో చూసి నేర్చుకునేవి కావు మరి.

'తెలిసి మాత్రం ఏం చేయగలను, నేను సబ్‌సెంటర్ మనిషిని' అంటావేమో. సిజేరియన్ల సంగతి చూడు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే, దేశం మొత్తానికి 21.5. మన దగ్గర సర్కారు దవాఖానల్లో 44.5, ప్రైవేటులో 81.5. ఇన్ని కోతల వల్లే కదా తల్లులు బతుకుతున్నారని కొందరు వాదిస్తారు. అదే సర్వేలో కేరళది 38.9 శాతం, అక్కడ తల్లుల మరణాలు 2018-20 లెక్కల్లో లక్షకు 19. మహారాష్ట్రది 25.4, మరణాలు 33. రాష్ట్రాలను పక్కపక్కన పెడితే కారణం తేలదు, చదువులు, రక్తహీనత, దవాఖాన దూరం అన్నీ అందులో కలిసి ఉంటాయి. ఆ వాదన నిలవదని మాత్రం తేలుతుంది. జనాభా మొత్తమ్మీద సిజేరియన్లు 10 శాతం దాటాక మరణాలు తగ్గిన దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. మన దగ్గరైతే ముహూర్తం చూసి కోయించుకునే ఇళ్లూ ఉన్నాయి.

ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది డాక్టర్ చేతిలో ఉంటుంది, నిజమే. ఏ దవాఖానకు పోవాలన్నది మాత్రం ఇంట్లో తేలుతుంది. ఏడో నెలలో బీపీ చూపించడానికి కోడలిని తెచ్చిన అత్త నిన్నే అడుగుతుంది, సిరిసిల్ల సర్కారు దవాఖానకు పోవాల్నా, కరీంనగర్ ప్రైవేటుకు పోవాల్నా అని. బిడ్డ అడ్డం తిరగడం, మాయ కిందికి ఉండటం, బీపీ పెరిగి కళ్లు మసకబారడం, వీటిలో ఏవి ఈమెకు ఉన్నాయో, ఏవి లేవో, ఉంటే ఎంత తొందరపడాలో నువ్వు అక్కడికక్కడే చెప్పగలగాలి.

కాబట్టి ఈ వారం గర్భిణుల ప్రమాద సూచనల పాఠం చదువు, బిట్లు తర్వాత. చదివాక గైడు మూసి, ఏ గుర్తు కనబడితే ఎక్కడికి, ఎంతలోపు పోవాలో ఆ అత్తకు చెబుతున్నట్టే నాలుగు పేజీలు రాసి నాకు పంపు. నేను వైద్యం చదివినవాణ్ని కాను. నాకు అర్థం కాని వాక్యం కింద గీత గీసి తిప్పి పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న