బలవంతాన చేసిన పాపం ఎవరిది?



మనచేత ఒకరు బలవంతాన ఒక చెడుకార్యం చేయిస్తే ఆ దోషం ఎవరి ఖాతాలో పడుతుంది? చేయించినవాడిదా, చేసినవాడిదా? గురువిద్యాలయంలో ఈ ప్రశ్నకు మేము నోట్సు రాసుకొని, పరీక్ష రాసి, మార్కులు తెచ్చుకున్నాము. కాని ఫ్రాన్సు దేశంలో రెండు ప్రాంతాల ప్రజలు ఈ ఒక్క ప్రశ్న మీద దశాబ్దాల తరబడి ఎడమొహం పెడమొహంగా బ్రతికారు.

మొదటి ప్రాంతం అల్సాస్. ఫ్రాన్సుకు తూర్పు అంచున, రైన్ నది ఒడ్డున ఉంటుంది. స్ట్రాస్‌బూర్గ్ దాని ముఖ్యపట్టణం. నది దాటితే జర్మనీ. అక్కడి పల్లె ప్రజల మాట జర్మను యాసలో ఉంటుంది. అందుచేత దానికోసం రెండు రాజ్యాలూ పోట్లాడుకున్నాయి. 1871లో అది జర్మనీ పాలైంది, 1918లో ఫ్రాన్సుకు తిరిగివచ్చింది. 1940లో హిట్లరు దాన్ని మళ్ళీ కలుపుకున్నాడు, యుద్ధం ముగిసే నాటికి మళ్ళీ ఫ్రాన్సుకు చేరింది. అంటే 1871కి ముందు పుట్టి దీర్ఘాయుష్షు పొందిన ఒక అవ్వ, ఇల్లు కదలకుండానే నాలుగుసార్లు దేశం మారింది!

రెండవది లిమూజాన్. దేశం నడిమధ్య నుండి కాస్త నైరుతి దిక్కుగా, పచ్చిక బయళ్ళు, పశువులు, చిన్న చిన్న రైతులు ఉన్న సీమ. లిమోజ్ నగరానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో గ్లాన్ అనే చిన్న నది పక్కన ఒరదూర్ అనే ఊరు ఉంది. 1939లో యుద్ధం మొదలుకాగానే, సరిహద్దు మీద ఉన్న అల్సాస్ ప్రజలను లక్షలాదిగా ఈ వైపు జిల్లాలకే తరలించారు. లిమూజాన్ రైతులు తమకు భాష కూడా సరిగా తెలియని ఆ కాందిశీకులకు ఇళ్ళు తెరిచారు. ఈ సంగతి జ్ఞాపకం పెట్టుకోండి.

1942 ఆగస్టులో హిట్లరు ప్రతినిధి రాబర్ట్ వాగ్నర్ అల్సాస్ యువకులను జర్మను సైన్యంలోకి నిర్బంధంగా చేర్చుకోమని ఆజ్ఞ ఇచ్చాడు. అల్సాస్, పక్కనున్న మోజెల్ జిల్లా కలిపి సుమారు లక్షా ముప్పై వేలమందిని పట్టుకుపోయారు. పారిపోయినవాడి తల్లిదండ్రులను ఇల్లూ వాకిలీ లాక్కొని జర్మనీకి తరలించేవారు. 1943 ఫిబ్రవరిలో బలెర్స్‌డోర్ఫ్ ఊరి కుర్రవాళ్ళు స్విట్జర్లాండుకు పారిపోబోయి దొరికిపోతే, అక్కడికక్కడ చచ్చినవారు పోగా మిగిలినవారిని కాల్చిచంపారు. ఇలా పట్టుకుపోయినవారికి ‘మల్‌గ్రె నూ’ అని పేరు, అనగా ‘మా ఇష్టం లేకుండా’ అని.

1944 జూన్ 10, శనివారం. నార్మండీ వైపు సాగుతున్న ‘దస్ రైఖ్’ అనే ఎస్.ఎస్. దళానికి చెందిన ఒక కంపెనీ ఒరదూర్‌ను చుట్టుముట్టింది. మగవారిని కొట్టాలలోకి తోలి మరతుపాకులతో కాల్చి నిప్పంటించారు. స్త్రీలను, చంటిబిడ్డలతో సహా పిల్లలను దేవాలయంలో వేసి తగులబెట్టారు. అందులోనుండి బలిపీఠం వెనుక కిటికీ గుండా దూకి ప్రాణాలతో బయటపడింది ఒకే ఒక స్త్రీ. మృతులు 642 మంది అని చాలాకాలం చెప్పుకున్నారు. స్పెయిన్ నుండి శరణు వచ్చిన ఒక స్త్రీ పేరు ఆలస్యంగా బయటపడి ఆ లెక్క 643 అయింది.

1953 జనవరిలో బోర్డో నగరంలో సైనిక న్యాయస్థానం విచారణ మొదలుపెట్టింది. ముద్దాయిలు 21 మంది. వారిలో జర్మనులు ఏడుగురే. తక్కిన పద్నాలుగు మంది అల్సాస్ బిడ్డలు! ఒకడు తనంత తాను చేరినవాడు, పదముగ్గురు బలవంతాన చేర్చబడినవారు. పలువురు ఆనాటికి పదిహేడు, పద్దెనిమిదేళ్ళవారు. కొందరు తర్వాత నార్మండీలో ఆ సైన్యాన్ని విడిచి పారిపోయారు కూడా. తీర్పులో ఆ పదముగ్గురికి శిక్షలు పడ్డాయి. అల్సాస్ భగ్గుమంది. వారం తిరగకముందే పార్లమెంటు క్షమాభిక్ష చట్టం చేసి వారిని విడిపించింది. ఇప్పుడు లిమూజాన్ భగ్గుమంది. ఒరదూర్ ప్రభుత్వమిచ్చిన పతకాన్ని తిప్పి పంపింది. ప్రభుత్వం కట్టించిన సమాధిమందిరంలో తమవారి అస్థికలు ఉంచడానికి ఒప్పుకోలేదు. క్షమాభిక్షకు ఓటు వేసిన సభ్యుల పేర్లు రాసిన పలకలు శిథిలాల ముంగిట కొన్నేళ్ళు నిలబడ్డాయి.

అరిస్టాటిల్ ఒక ఓడ కథ చెబుతాడు. తుఫానులో ఓడ మునగకుండా నావికుడు సరుకు సముద్రంలో పారేస్తాడు. అది అతనికి ఇష్టమా? కాదు. అయినా పారవేసింది అతని చేతులే గదా! అలాంటి పనిని మెచ్చుకోవచ్చు, క్షమించనూవచ్చు. కాని కొన్ని పనులున్నాయి, వాటికి లోబడేకంటే చావడమే మేలని కూడా ఆయనే అన్నాడు. పునీత తోమాసు అక్వినాసుగారు ఇదే దారిలో, భయంతో చేసిన పని ఒక విధంగా అయిష్టమైనా మొత్తం మీద మన ఇష్టంతో చేసినదే అని తేల్చారు. భయం దోషాన్ని తగ్గిస్తుంది, తుడిచివేయదు.

నా మట్టుకు నేను ఇలా తలుస్తాను. ఆ యూనిఫారం తొడుక్కున్నందుకు ఆ కుర్రవాణ్ణి నేను నిందించలేను. ఇంట్లో తల్లి ఉంది. దేవాలయం తలుపు మూసిన చేతుల సంగతి వేరు. అందుకే ఆ పదముగ్గురిలో ఏ ఒక్కడు ఆనాడు ఎక్కడ నిలుచున్నాడు, ఏం చేశాడు అన్నదే అసలు ప్రశ్న. 1948లో చేసిన ఒక చట్టం దళంలో ఉన్నవాడల్లా దోషియేనని ముందుగానే అనుకుంది. విచారణ నడుస్తుండగానే ఫ్రెంచివారికి దాన్ని వర్తించకుండా మార్చారు. మొదట అందరినీ ఒకే గాటన కట్టారు, ఆఖరుకు అందరినీ ఒకే గాటన విడిచారు. మనిషి అంతరాత్మను రెండుసార్లూ ఎవరూ అడగలేదు. ఇక క్షమాభిక్ష అంటారా, రాజ్యం శిక్షను రద్దు చేయగలదు. క్షమించడం దాని చేతిలో లేదు, బూడిదైన బిడ్డ తల్లి చేతిలో ఉంది. ఆ తల్లి కూడా బూడిదైపోతే మరి?

రోబెర్ ఎబ్రాస్ అనే ఆయన ఆ కొట్టాల నుండి ప్రాణాలతో బయటపడినవారిలో ఒకరు. అప్పటికి పద్దెనిమిదేళ్ళు, అంటే తన మీద తుపాకి ఎత్తిన ఆ కుర్రవాళ్ళ ఈడే. తల్లిని, ఇద్దరు తోబుట్టువులను ఆనాడే పోగొట్టుకున్నాడు. ఆ అల్సాస్ సైనికులు నిజంగా బలవంతాన చేరినవారేనా అని తన పుస్తకంలో అనుమానం వెలిబుచ్చినందుకు, అల్సాస్ సంఘాలు ఆయన మీద దావా వేశాయి. 2012లో కోల్మార్ న్యాయస్థానం ఆయనదే తప్పన్నది. మరుసటి ఏడు సెప్టెంబరులో జర్మనీ అధ్యక్షుడు యోహాకిమ్ గౌక్ ఒరదూర్ వచ్చి, కాలిన దేవాలయంలో ఫ్రాన్సు అధ్యక్షుడు ఒలాండ్‌తో కలిసి ఆ వృద్ధుని చేతులు పట్టుకున్నాడు. జర్మనీ అధ్యక్షుడు చేయి కలిపిన ఆ రోజున, స్వదేశస్థులు వేసిన దావా ఇంకా తేలలేదు. అక్టోబరులో పై న్యాయస్థానం ఆ తీర్పును కొట్టివేసింది. ఎబ్రాస్ 2023లో కన్నుమూశారు.

మరొక్క సంగతి. తరలివచ్చి ఒరదూర్‌లోనే ఉండిపోయిన అల్సాస్, మోజెల్ కాందిశీకులు కూడా ఆ మంటల్లో కాలిపోయారు. మోజెల్ జిల్లాలోని షార్లీ అనే ఊరివారు తమ మృతుల జ్ఞాపకార్థం 1950లో ఊరి పేరునే మార్చుకున్నారు. ఈనాటికీ ఆ ఊరి పేరు షార్లీ-ఒరదూర్.