మూడు మారులు పలికిన మాట

ప్రయాణము ముగియవచ్చినపుడు మనుష్యునికి కలుగు మంకుతనము వేరొక విధమైనది. బయలుదేరునపుడు ఎవరైన ఆగుమన్నచో ఆగుదుము. సగము దారిలో ఆగుమన్నచో ఆలోచింతుము. ఊరు కంటికి కనబడుచుండగా ఆగుమన్నచో ఆ మాట పలికినవానిమీద కోపపడుదుము. విమానములు నడుపువారిలో ఈ సంగతి ఎంత స్పష్టముగా బయలుపడినదో విచారణ నివేదికలలో వ్రాయబడియున్నది. దానిని మన సంఘ జీవితముతో పోల్చి చూచుట మేలని తోచుచున్నది.

2010వ సంవత్సరము మే 22వ తేదీ ఉదయము దుబాయినుండి మంగళూరునకు వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానము రన్‌వేమీద ఆగలేక, దాని చివర దాటి, లోయలో పడి కాలిపోయెను. అందున్న 166 మందిలో 158 మంది మరణించిరి. ఎనిమిది మంది మాత్రమే బ్రతికిరి. గల్ఫు దేశములకు బిడ్డలను పంపి, వారు తిరిగి వచ్చు దినమును క్యాలెండరుమీద గుర్తు పెట్టుకొను తల్లులు మన కృష్ణా డెల్టాలోను ఉన్నారు. కనుక ఆ వార్త ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ ఉదయము తుపాను లేదు. యంత్రములో చెప్పుకోదగిన లోపము లేదు. విమానములోని మాటలను పట్టియుంచు యంత్రము రెండు గంటలపైని ధ్వనిని దాచియుంచెను. అందులో మొదటి గంటా నలువది నిమిషములు పెద్ద పైలట్ మాట వినబడలేదు. ఆయన నిద్రలోని ఊపిరి వినబడెను. లేచి పని చేతికి తీసికొనునప్పటికి దిగవలసిన ఘడియ సమీపించియుండెను. విమానమో, ఉండవలసిన ఎత్తునకు ఇంచుమించు రెండింతల ఎత్తున ఉండెను.

గుడివాడ పొలములలో నిలిచి, గన్నవరమువైపు దిగు విమానమును దూరమునుండి చూచువారికి అది మెల్లగా జారుచున్నట్లు అగపడును. ఆ మెల్లదనము మన కంటి భ్రమ. అది గంటకు రమారమి 250 కిలోమీటర్ల వేగమున వచ్చుచుండును. ఒక్కొక్క సముద్రపు మైలునకు సుమారు 300 అడుగుల చొప్పున లెక్క తప్పక దిగుచు, రన్‌వే అంచును 50 అడుగుల ఎత్తున దాటి, మొదటి భాగములోనే చక్రము మోపవలెను. ఎత్తు ఎక్కువైనను, వేగము ఎక్కువైనను, ఎదుట మిగులు నేల తరిగిపోవును. అందుచేత వారికొక నియమము కలదు. మబ్బులో వెయ్యి అడుగుల ఎత్తునకు, తెరిపిలో అయిదువందల అడుగుల ఎత్తునకు వచ్చునప్పటికి ఎత్తు, వేగము, దిశ అన్నియు కుదిరియుండవలెను. కుదరనిచో తర్కింపక ఇంజన్లకు బలమిచ్చి మరల పైకి లేచి, ఒక చుట్టు తిరిగి, తిన్నగా దిగవలెను. దీనిని వారు ‘గో అరౌండ్’ అందురు.

మంగళూరులో ఆ విమానము రన్‌వే అంచును 50 అడుగులకు బదులు 200 అడుగుల ఎత్తున దాటెను. అంతకు ముందే ప్రక్కన కూర్చున్న రెండవ పైలట్ మరల పైకి లేవవలెనని చెప్పెను. ఒకసారి కాదు, మూడు మారులు చెప్పెను. భూమి సమీపించుచున్నదని యంత్రమును హెచ్చరించుచుండెను. పెద్ద పైలట్ దిగుటకే సాగెను. 8,033 అడుగుల రన్‌వేలో 5,200 అడుగులు గడచిన పిమ్మట చక్రములు నేలను తాకెను.

ఇక్కడ మనస్సును మరింత కలచు సంగతి ఒకటి కలదు. నేల తాకి, వేగము తగ్గించుట మొదలుపెట్టిన తరువాత, ఎదుట రన్‌వే తరిగిపోవుట చూచి, అప్పుడాయన మరల పైకి లేవబోయెను. అప్పటికే గట్టిగా బ్రేకులు వేసి నిలిచియున్నచో విమానము ఆగియుండెడిదని విచారణలో తేలినది. పైనుండగా లేవవలసినపుడు లేవలేదు; నేలమీద నిలువవలసినపుడు నిలువలేదు. వెనుకకు మరలుట మంచిదేయైనను దానికొక సమయము కలదు. అది దాటిన పిమ్మట మరలుటయే ప్రాణాంతకము కావచ్చును. పశ్చాత్తాపమునుగూర్చి మనము తరచుగా ప్రసంగములు విందుము గాని, దాని గడియారమునుగూర్చి తక్కువగా విందుము.

పదియేండ్ల తరువాత, 2020 ఆగస్టు 7న, అదే సంస్థ విమానము దుబాయినుండియే వచ్చి కోళికోడులో రన్‌వే దాటి పడిపోయెను. ఇద్దరు పైలట్లతో సహా 21 మంది మరణించిరి. దీనిలో ఒక విశేషమున్నది. కుండపోత వానలో ఆ పైలట్ మొదటిసారి దిగక, నియమము ప్రకారము మరల పైకి లేచెను. రెండవసారి వేరొక దిక్కునుండి, వెనుకగాలితో దిగవచ్చెను. సగము రన్‌వే గడచిన పిమ్మట నేల తాకెను. రెండవ పైలట్ ఇక్కడను ‘గో అరౌండ్’ అని పలికెను. ఆ మాట నెరవేరలేదు. మరునాటి ఉదయము కోళికోడునుండి మరియొక విమానము నడపవలసియున్నందున ఎట్లైనను అక్కడనే దిగవలెనను తలంపు ఆ పైలట్ నిర్ణయములను నడిపించెనని నివేదిక వ్రాసెను. ఒకసారి వినయపడినవానికి రెండవసారి వినయపడుట మరింత కష్టము కాబోలు.

ఈ ఇద్దరిని దుష్టులని చెప్పి మనము తప్పించుకొనలేము. వారు అనుభవశాలులు. విమాన భద్రతనుగూర్చి పరిశోధించు అంతర్జాతీయ సంస్థ, ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్, కనుగొన్న లెక్క ఏమనగా, కుదురు తప్పిన దిగుదలలలో నూటికి మూడింట మాత్రమే పైలట్లు మరల పైకి లేచుచున్నారు. తక్కిన తొంబదియేడును అట్లే దిగుచున్నారు. వాటిలో చాల మట్టుకు క్షేమముగానే ఆగును. ఆ క్షేమమే ఉపాధ్యాయుడై తప్పు పాఠము నేర్పును. ‘మొన్నను ఇట్లే దిగితిమి గదా’ యని మనస్సు చెప్పును.

పౌలు ఎక్కిన ఓడ సంగతి చూడుడి. క్రేతు ద్వీపమున మంచిరేవులలో ఆగియుండగా, ముందుకు పోయినచో హాని కలుగునని ఖైదీయైన పౌలు హెచ్చరించెను. శతాధిపతి నావికుని మాటను, ఓడ యజమానుని మాటను నమ్మెను. అతడు వారిని నమ్ముట వింతకాదు. అది వారి వృత్తి. దక్షిణపు గాలి మెల్లగా వీచగానే తమ కోరిక నెరవేరినట్లే అనుకొనిరి. ఫీనిక్సు దూరము కాదు. ఆ మెల్లని గాలియే వారిని మోసగించెను. ప్రాణములన్నియు దక్కెను గాని ఓడ దక్కలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టును. నాగటిమీద చేయి వేసినవాడు వెనుక చూడరాదని మన ప్రభువు బోధించెను గదా? ఓర్చుకొని చివరమట్టుకు సాగుటయే విశ్వాసి లక్షణము గదా? అట్లయిన పట్టుదల ఎక్కడ ముగిసి మంకుతనము ఎక్కడ మొదలగును? నాకు తోచిన సమాధానమిది. మరల పైకి లేచు పైలట్ మంగళూరును విడిచిపెట్టడు. అతడు విడుచునది ఆ ఒక్క దిగుదలను మాత్రమే. గమ్యమును విడుచువాడు వెనుక చూచినవాడు. గమ్యముకొరకు తన వంకర దారిని విడుచువాడు వెనుక చూచినవాడు కాడు. మచిలీపట్నము గిలకలదిండి రేవునకు వచ్చు బోట్లవారిని అడుగుడి. మొగలో ఇసుక మేట వేసి నీరు చాలనపుడు వారు బయటనే నిలిచి పోటుకొరకు కాచుకొందురు. మంచు కరగి, చేపల ధర తరుగుచున్నను కాచుకొందురు. అందుకు వారిని పిరికివారని ఒడ్డున ఎవరును అనరు. అందరును అట్లే చేయుదురు గనుక అందులో సిగ్గు లేదు.

సిగ్గే ఇక్కడి రహస్యము. హేరోదునకు బాప్తిస్మమిచ్చు యోహానును చంపవలెనని కోరిక లేదు. అతడు దుఃఖపడెనని సువార్త చెప్పుచున్నది. గాని ప్రమాణము చేసియుండెను, విందులో పెద్దలు కూర్చుండి చూచుచుండిరి. ఆ చూపులకొరకు ఒక ప్రవక్త తల తెగెను. దావీదు సంగతి వేరు. నాబాలు చేసిన అవమానమునకు కోపించి, నాలుగువందలమందితో కత్తులు కట్టుకొని, ఆ యింట మగవానిని మిగుల్చనని ఒట్టు పెట్టుకొని వచ్చుచుండెను. అబీగయీలు దారిలో ఎదురువచ్చి సాగిలపడి మాటలాడెను. అతడు తన సైన్యము చూచుచుండగా, ఒక స్త్రీ మాటకు, ఆ ఒట్టును విడిచి, ఆమెను పంపిన దేవుని స్తుతించెను. గొల్యాతును కొట్టిన దినముకంటె ఈ దినముననే దావీదు గొప్పవాడుగా కనబడునని నా యభిప్రాయము.

మరల పైకి లేచుట ఉచితమని నేను చెప్పను. 1993 నవంబరు 15న మద్రాసునుండి హైదరాబాదు వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్సు విమానము మంచుచేత దారి కానక, దిగక పైకి లేచెను. అప్పుడు రెక్కల ఫ్లాపులు మూసికొనలేదు. మద్రాసుకు తిరిగి పోవుచు ఇంధనము చాలక తిరుపతి సమీపమున వరిపొలములో దిగవలసివచ్చెను. అందరును బ్రతికిరి గాని విమానము పాడైపోయెను. సరియైన పని చేసినవానికిని కష్టము రావచ్చును. అయినను లోయలో పడుట వేరు, పొలములో దిగుట వేరు.

రెండవ పైలట్‌ను విడిచి పోరాదు. కోళికోడు నివేదిక పెద్ద పైలట్‌తో ఆగలేదు. మాట వినబడనపుడు రెండవవాడు తానే పగ్గములు తీసికొని విమానమును లేవనెత్తవలసియుండెనని, అట్లు చేయకపోవుటయు కారణములలో ఒకటని వ్రాసెను. ఇది కఠినమైన తీర్పు. పెద్దలయెదుట మెల్లగా మాటలాడవలెనని మనము బిడ్డలకు నేర్పుదుము, అది మంచిదే. అయితే చెప్పితిని గదాయని చేతులు దులుపుకొనుట వేరు, ఆపుట వేరు. బిలాము గాడిద దూతను చూచి మూడు మారులు తప్పుకొనెను, మూడు మారులును దెబ్బలు తినెను. ఆ నోరులేని జంతువు చెప్పి ఊరకుండలేదు. మోసుకొని ముందుకు పోనే లేదు.

ఈ మాటలు మన యిండ్లలో ఎక్కడ తగులునో చెప్పెదను. పెండ్లి కుదిరినది. శుభలేఖలు పంచిరి, పందిరికి, వంటవారికి బయానా ఇచ్చిరి. వారము దినములున్నదనగా వరుడు త్రాగునని గాని, వేరొకచోట కాపురమున్నదని గాని, కట్నము మరల పెంచిరని గాని తెలియును. పిల్ల తల్లితో చెప్పును, తల్లి తండ్రితో చెప్పును, ‘ఇప్పుడా? నలుగురిలో తల యెట్లు ఎత్తుకొందును?’ అని తండ్రి అనును. రన్‌వే కనబడుచున్నది. నలుగురు నాలుగు నెలలు చెప్పుకొని మరచిపోవుదురు. ఆ పిల్ల నలువదియేండ్లు బ్రతుకవలెను. ఆమె మొదటి మాట సిగ్గుతోను, రెండవది కన్నీటితోను చెప్పును. మూడవది చెప్పుటకు ఆమెకు నోరు రాకపోవచ్చును. మేనమామయో, అన్నయో, కాపరియో దానిని చెప్పి, చెప్పుటతో ఆగక అడ్డు నిలువవలెను.

మన సంఘములలో దీనికొక ఏర్పాటు పూర్వమునుండి ఉన్నది. వివాహమునకు ముందు మూడు ఆదివారములు ఆరాధనలో ప్రకటన చదివి, ఆటంకము తెలిసినవారు తెలుపవలెనని అడుగుదురు. మూడు మారులు. పైలట్లకు వెయ్యి అడుగుల గుర్తు ఏలాటిదో ఇదియు అట్టిదే. పందిరి లేవకముందు, చుట్టములు దిగకముందు, మనస్సు నిబ్బరముగా నున్నపుడే అడుగు ప్రశ్న. కాపరి చదివి, క్షణము ఆగును. సాధారణముగా ఆ క్షణమున పాటలు పాడు పిల్లలు తరువాతి కీర్తన సంఖ్యకొరకు పుస్తకము త్రిప్పుచుందురు. వెనుక బల్లలమీది పెద్దలు వాచీ చూచుకొనుచుందురు.