సమూయేలు కుమారులు – మన కార్యాలయములు

ధ్యాన భాగము: 1 సమూయేలు 8:1–20; 12:1–5



సమూయేలు వృద్ధుడైనప్పుడు తన కుమారులగు యోవేలును అబీయాను బెయేర్షెబాలో న్యాయాధిపతులుగా నుంచెను. వారు లాభమునకు ఆశపడి, సొమ్మిచ్చినవాని పక్షమున తీర్పు చెప్పిరి. పెద్దలు రామాకు వచ్చి రాజు కావలెనని అడిగిరి. ఇతర జనములవలె నుండవలెనను కోరికయు వారికి కలదు. అయినను వారు ముందుగా చెప్పిన కారణము ఆ కుమారుల నడతయే. రాజు మీ పొలములను, మీ బిడ్డలను తీసికొనునని సమూయేలు హెచ్చరించినను వారు వినలేదు. న్యాయము దొరకునను నమ్మకము పోయినప్పుడు ప్రజలు తమ స్వేచ్ఛను తామే విడిచిపెట్టుకొందురు. లంచమువలన కలుగు పెద్ద నష్టమిదియే.

2016 అక్టోబరు 11న, ముఖ్యముగా పాత వరంగల్లు జిల్లానుండి, జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడెను. కార్యాలయము మనకు దగ్గరకు వచ్చెను. న్యాయము కూడ దగ్గరకు వచ్చెనా? 2024 మార్చిలో మహబూబాబాదులో, ఒక స్థలము రిజిస్ట్రేషనుకై 19,200 రూపాయలు లంచము పుచ్చుకొనిరను ఆరోపణపై సబ్ రిజిస్ట్రారును అవినీతి నిరోధక శాఖవారు పట్టుకొనిరి. దోషము తేల్చుట న్యాయస్థానపు పని. మనము గ్రహింపవలసినది ఒకటి: ప్రభుత్వ రుసుముపైన అడిగెడి రూపాయి రోడ్డుకు గాని బడికి గాని చేరదు. కలిగినవాడు ఆ సొమ్మిచ్చి ఒక్క పూటలో పని ముగించుకొనును. కూలివాడు కూలి పోగొట్టుకొని నాలుగుమార్లు తిరుగును.

అయితే బల్లకు అవతలనున్నవానిని మాత్రమే చూడకుడి. ఓటుకు నోటు పుచ్చుకొనినవాడు సర్పంచిని లెక్క అడుగగలడా? నీ పాలు నీకు ముట్టెను గదా అని అతడనును. తాను ఖర్చుపెట్టిన సొమ్మును అతడు మోరీ సిమెంటులో, వీధిదీపముల బిల్లులో రాబట్టుకొనును.

1988 నాటి అవినీతి నిరోధక చట్టమునకు 2018లో జరిగిన సవరణ ప్రకారము లంచమిచ్చువానికిని ఏడేండ్ల వరకు శిక్ష కలదు. బలవంతముమీద ఇచ్చినవాడు ఏడు దినములలో ఫిర్యాదు చేసినయెడల ఆ శిక్ష అతనికి లేదు. 1064 నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును. 2018 పంచాయతీరాజ్ చట్టము రెండు నెలలకొకసారి గ్రామసభ జరుగవలెనని చెప్పుచున్నది. అక్కడికి వెళ్లుడి, లెక్కలు చదివి వినిపింపుడని మర్యాదగా, భయములేక అడుగుడి.

సమూయేలు తన పని చాలించునప్పుడు జనులందరియెదుట నిలిచి, ఎవరిసొత్తైనను నేను తీసికొనియుంటినేని చెప్పుడనెను. చెప్పుటకు ఒక్కడును లేకపోయెను. మన సంఘములలో ఉపాధ్యాయులు, గుమాస్తాలు, వార్డు సభ్యులు, కానుకల లెక్క వ్రాయు పెద్దలు ఉన్నారు. పదవి విడుచు దినమున ఆలాగు నిలువగోరువారు నేడే చేతులు శుద్ధిగా నుంచుకొనవలెను. మొదట మన సంఘపు లెక్కలనే అందరియెదుట చదువుదము.

ప్రభువు మన చేతులను, మన ఊళ్లను శుద్ధిచేయునుగాక. ఆమేన్.