చేవ్రాలు – ధర్మసూక్ష్మం

ఒక మనిషి ఒక పని చేశాడు. అతడు చేయడం వేలమంది కళ్ళారా చూశారు. కాగితం మీద మాత్రం మరొక విధంగా వ్రాసి ఉంది. దాని కింద ఆ మనిషి సంతకమే ఉంది. ఇప్పుడు దేన్ని ప్రమాణంగా తీసుకోవాలి? జరిగినదాన్నా, వ్రాసినదాన్నా? ఇది వకీళ్ళకు వదిలివేయదగిన ప్రశ్న కాదు. ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో, కార్ఖానాల్లో రోజూ కాగితాల మీద సంతకాలు పెట్టి బ్రతికే మనందరి ప్రశ్న. ఈ ప్రశ్న గోల్ఫ్ ఆటలో ఒకసారి చాలా కఠినంగా ఎదురయింది.

రొబెర్తో దె విసెంజో 1923లో అర్జెంటీనాలో, బ్యూనస్ ఎయిర్స్ శివార్లలో జన్మించారు. చిన్నతనంలో గోల్ఫ్ మైదానంలో ఇతరుల సంచులు మోసే కాడీగా ఉంటూ ఆట నేర్చుకున్నారు. తరువాత వృత్తి క్రీడాకారుడై జీవితకాలంలో 200కు పైగా పోటీలు గెలిచారు. 1967లో, 44 ఏళ్ళ వయస్సులో, ఇంగ్లండులోని హాయ్‌లేక్‌లో జాక్ నిక్లాస్‌ను రెండు దెబ్బల తేడాతో ఓడించి బ్రిటిష్ ఓపెన్ సాధించారు.

మరుసటి సంవత్సరం ఏప్రిల్ 14న అమెరికాలోని ఆగస్టాలో మాస్టర్స్ పోటీ చివరి రోజు. ఆ రోజు ఆయన 45వ పుట్టినరోజు కూడా. మొదటి గుంతలోకే రెండు దెబ్బల్లో బంతిని పంపి, ఆ రోజంతా అద్భుతంగా ఆడారు. పదిహేడవ గుంతను మూడు దెబ్బల్లో ముగించారు. గోల్ఫ్‌లో ఒకరి లెక్క మరొక ఆటగాడు వ్రాస్తాడు. ఆయన లెక్క వ్రాస్తున్న టామీ ఆరన్ అక్కడ మూడుకు బదులు నాలుగు వేశారు. ఆట ముగిశాక విసెంజో ఆ కార్డును సరిచూసుకోకుండా సంతకం చేశారు.

నియమం స్పష్టంగా ఉంది. ఆడినదానికన్నా తక్కువ దెబ్బలు చూపిన కార్డు మీద సంతకం చేస్తే పోటీ నుంచి తొలగింపు; ఎక్కువ చూపితే ఆ ఎక్కువే ఖాయం. ఆయన నిజంగా ఆడింది 65, కార్డు ప్రకారం 66. నాలుగు రోజుల మొత్తం 277 కావలసింది 278 అయింది. బాబ్ గోల్బీ మొత్తం 277. సమానంగా నిలిచి మరునాడు మళ్ళీ తలపడవలసిన ఇద్దరిలో ఒకరు విజేత, మరొకరు ద్వితీయుడు అయ్యారు. ఒకరి చేతివ్రాత మరొకరి తలవ్రాత అయింది.

ఇది అన్యాయమని మన మనస్సు వెంటనే అంటుంది. కాని నియమం పక్షాన కూడా మాట ఉంది. మైళ్ళ కొద్దీ పరచుకున్న మైదానంలో ప్రతి ఆటగాడి వెంటా ఒక తీర్పరిని పంపడం సాధ్యం కాదు. ఆట అంతా ఆటగాడి మాట మీదే నడుస్తుంది. సంతకం అంటే ఆ మాటే. "నేను చూడలేదు, ఇంకొకరు వ్రాశారు" అన్న సమాధానాన్ని ఒక్కసారి ఒప్పుకుంటే, రేపు కావాలని తప్పు చేసినవాడూ అదే అంటాడు.

పోటీ అధికారులు ఆ టోర్నమెంటు స్థాపకులలో ఒకరు, అప్పటికే తీవ్ర అనారోగ్యంతో ఉన్న బాబీ జోన్స్‌ను సలహా అడిగారు. ఆయనా నియమాన్నే సమర్థించారు. ఆ మాట చెప్పే అర్హత ఆయనకుంది. 1925 యు.ఎస్. ఓపెన్‌లో తన బంతి కొద్దిగా కదిలిందని, మరెవరూ చూడకపోయినా, తనకు తానే ఒక దెబ్బ శిక్ష వేసుకున్నారు జోన్స్. ఆ ఒక్క దెబ్బ లేకుంటే ఆయనే విజేత. అదనపు పోటీలో ఓడిపోయారు.

ఇక్కడ మనకు కురుసభ గుర్తుకు రాక మానదు. జూదం నియమం ప్రకారమే జరిగింది. తనను తాను ఓడినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిదని ద్రౌపది అడిగితే, ధర్మం సూక్ష్మమని భీష్ముడు ఊరుకున్నాడు. ఆయనా నియమాన్ని కాదనలేదు, జోన్స్ కూడా కాదనలేదు. మరి తేడా ఎక్కడుంది? నియమానికి మూల్యం చెల్లించేది ఎవరన్న దానిలో ఉంది. జోన్స్ ఆ మూల్యం ఒకనాడు స్వయంగా చెల్లించారు. భీష్ముడు తలవంచిన నియమానికి మూల్యం చెల్లించింది ద్రౌపది. మనకు నష్టం వచ్చినప్పుడు నియమాన్ని శిరసావహించడం ధర్మం. ఎదుటివాడి నష్టాన్ని చూస్తూ "నియమం ఏం చేస్తుంది?" అని ఊరుకోవడం చాలాసార్లు సౌకర్యం మాత్రమే.

విసెంజో ఆరన్‌ను నిందించలేదు, అధికారులతో వాదించలేదు. ఎంత తెలివితక్కువ పని చేశానని తనను తానే అనుకున్నారు. మాస్టర్స్ ఆయనకు ఎన్నటికీ దక్కలేదు. కాని 1970లో అమెరికా గోల్ఫ్ సంఘం క్రీడాధర్మానికి ఇచ్చే బాబ్ జోన్స్ పురస్కారం దక్కింది. 2017లో, 94వ ఏట కన్నుమూశారు.

గోల్బీ సంగతీ ఆలోచించాలి. చివరి రోజు 66 ఆడి, తన కార్డు తాను సరిగా చూసుకుని సంతకం చేసిన మనిషి ఆయన. ఏ తప్పూ చేయలేదు. అయినా ఆయన విజయం గురించి మాట్లాడిన ప్రతివారూ విసెంజో పేరే ఎత్తారు. నియమం విజేతను ప్రకటించగలదు గాని, ఆ విజయాన్ని పదిమంది మనస్సులో నిలబెట్టలేదు.

ఈ కథ మన పిల్లలకు చెబితే తప్పెవరిదని అడుగుతారు. పొరపాటు వ్రాసినవాడిది, బాధ్యత సంతకం చేసినవాడిది అని చెప్పవచ్చు. రెండూ ఒకటి కావని తెలియడమే పెద్ద చదువు. ఆ చదువు ఆరన్‌కు కూడా అబ్బినట్లుంది. 1973లో ఆయనే మాస్టర్స్ గెలిచారు. చివరి రోజు తన కార్డులో తోటి ఆటగాడు ఒక దెబ్బ ఎక్కువ వ్రాసి ఉండడం గమనించి, దిద్దించి, ఆ తరువాతే సంతకం చేశారు.