దండెం మీద కులం

నీళ్ళ గురించి మనం చాలా రాసుకున్నాం. రాయాల్సిందే. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ చవదార్ చెరువు నీళ్ళు తాగిన దగ్గర్నుంచి, 1985 జూలైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడు చెరువు దగ్గర మున్నంగి సువార్త బిందె ఎత్తిన దాకా మన చరిత్ర చాలావరకు నీళ్ళ చుట్టూనే తిరిగింది. తాగే నీళ్ళు పాడుచెయ్యొద్దన్నందుకు మొదలైన గొడవ మర్నాటికి, జూలై 17న, ఆరుగురు మాదిగల ప్రాణాలు తీసింది. ఈ సంగతి తెలీని దళిత విద్యార్థి వుండకూడదు.

నేను అడిగేది ఆ తర్వాతి సంగతి. నీళ్ళు దొరికినయ్. బట్ట వుతుక్కున్నాం. ఆ తడిబట్టని ఎక్కడ ఆరేసుకోవాలి?

ఇదీ వొక ప్రశ్నేనా అని నవ్వేవాళ్ళుంటారు. ఎండ అందరిదీ, గాలి అందరిదీ అంటారు. ఎండ అందరిదే. ఎండ పడే జాగా ఎవరిది? దండెం కట్టిన గుంజలు ఎవరివి? అక్కడుంది తిరకాసు.

నేను పుట్టింది పల్నాడు వైపు నల్లరేగడి నేలమీద, వొక మాదిగపల్లెలో. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. మా ఊళ్ళో చాకలి వుండేవాడు గానీ పల్లెలోకి వచ్చేవాడు కాదు. ఆయన్ని తప్పుపట్టను. మా గుడ్డలు పట్టుకుంటే పెద్దోళ్ళు వాళ్ళ మూట ఆయనకి వెయ్యరు. అందుకని మా బట్టలు మేమే వుతుక్కునేవాళ్ళం, మేమే ఆరేసుకునేవాళ్ళం. ఇంటిముందు మంచం వాలిస్తే మనిషి నడవటానికి దారుండదు. ఇంక దండెం ఎక్కడ కడతాం? గుడిసె కప్పు మీద, కాలవ కట్ట మీద, లేకపోతే కంపచెట్ల మీద. కంప మీద ఆరేసిన బట్టని లాగకూడదు. వొక్కో ముల్లూ విడదీసుకుంటా తియ్యాలి. పొద్దుగూకి పనినుంచొచ్చిన మా అమ్మకి ఆ వోపిక ఎక్కడిది? చీకట్లో లాగేది. నా పావడాల నిండా ముళ్ళ చిల్లులే. బళ్ళో పిల్లలు ఆ చిల్లులు చూసి నాది పల్లెని చెప్పేవాళ్ళు.

మా నాయనమ్మది ఇంకా ముందు కాలం. ఆమెకి వొక్కటే చీరంట. సగం చుట్టుకుని, వుతికిన సగాన్ని రెండు చేతుల్తో గాలికి పట్టుకుని కాలవ కట్టమీద నిలబడేదంట. అది ఆరినాక దాన్ని చుట్టుకుని రెండో సగం వుతికేదంట. ఆమే గుంజ, ఆమే దండెం.

అట్లాగని ఆరబెట్టటం మా వాళ్ళకి తెలీని విద్య కాదు. మా అమ్మ మిరప కూలి. కోసిన కాయని కల్లంలో పలచగా పరవాలి. పగలు తిరగెయ్యాలి, రాత్రి మంచు పడకుండా పట్టాలు కప్పాలి. తేమ 10-11 శాతానికి దిగి కాయ గలగలమనేదాకా ఇదే పని. ఆ పైన తాలుకాయ ఏరాలి. మిర్చి యార్డు పేరు చెప్పి గుంటూరు గొప్ప చెప్పుకుంటారు గదా, ఆ టిక్కీల్లోకి ఎక్కిన కాయ ఎండింది మా ఆడవాళ్ళ చేతుల్లోనే. రైతు కాయ ఆరటానికి ఎకరం కల్లం. ఆ కాయ ఆరబెట్టిన మనిషి చీర ఆరటానికి కంపచెట్టు.

ఇక్కడ వొక సంగతి గమనించాలి. మిరప పనికి కట్టిన చీరని మా అమ్మ విడిగా వుతికేది, విడిగా ఆరేసేది. మా బట్టల్లో కలవనిచ్చేది కాదు. కలిస్తే ఆ ఘాటు పసిపిల్లల వొంటికి అంటుకుని మండిపోద్ది. అంటే, విడిగా ఆరెయ్యటమే తప్పని నేను అనటంలేదు. మా అమ్మ విడిగా వెయ్యటానికి కారణముంది. ఆ కారణాన్ని ఎవరైనా చర్మం మీద పరీక్షించుకోవచ్చు. కులం పెట్టిన ఎడానికి అట్లాంటి పరీక్ష వుందా?

మడి సంగతి చూడండి. మడిబట్టకి మురికి పోవటం వొక్కటే చాలదు. తడిపి, పిండి, ఎవరి చెయ్యీ తగలనంత ఎత్తున దండెం మీద కర్రతో ఆరెయ్యాలి. మడి కట్టుకోని మనిషి ముట్టుకుంటే మళ్ళీ తడపాల్సిందే. చాకలి వుతికి తెచ్చిన తెల్లటి బట్ట కూడా మడికి పనికిరాదు, దాన్ని ఇంట్లో మళ్ళీ జాడించాలి. పట్టుబట్టకి మాత్రం ఇన్ని పట్టింపులు లేవు. నూలుబట్టకి తొందరగా అంటుకునే మైల పట్టుబట్టకి అంటుకోదు! పట్టు ఎవరి పెట్టెల్లో వుంటుందో చెప్పక్కర్లేదు. శుభ్రం వేరు, మడి వేరు. శుభ్రం మురికిని చూస్తుంది. మడి మనిషిని చూస్తుంది. మనకి మాత్రం మనుస్మృతి పదో అధ్యాయం చచ్చినవాళ్ళ గుడ్డలు కట్టుకోమని రాసింది.

ఆ పుస్తకాన్ని తగలబెట్టిన 1927 డిసెంబరులోనే, ఆ మహద్‌లోనే, అంబేద్కర్ ఆడవాళ్ళతో విడిగా మాట్లాడాడు. అంటరానివాళ్ళని గుర్తుపట్టించే కట్టూబొట్టూ మానెయ్యమన్నాడు. చీర చిరిగిందైనా ఫర్వాలేదు, శుభ్రంగా వుండాలన్నాడు. మా అమ్మ ఆయన మాట వినకుండానే ఆ మాట పాటించింది. నల్లరేగడి బురదలో వుంటా ఆదివారం గుడికి తెల్లచీర కట్టింది. ఆ తెలుపు వెనక ఎంత తిప్పలుందో ఆ చీర ఆరబెట్టుకున్న మనిషికే తెలుసు.

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో వచ్చిన చట్టం, 1976లో పౌరహక్కుల రక్షణ చట్టమైంది. బావి, చెరువు, కొళాయి, స్నానఘట్టం, రోడ్డు, హోటలు అన్నీ అందులో వున్నయ్. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో, కొత్తబట్టలు కట్టుకుని నలుగురిలో తిరిగే దళితుణ్ణి అడ్డుకోవటం కూడా నేరమని రాశారు. మంచిదే. ఆ జాబితాల్లో నేను దండెం కోసం వెతికాను. లేదు. కట్టుకున్న కొత్తబట్టకి రక్షణుంది. ఆరేసుకున్న పాతబట్టకి లేదు.

పల్లె దాటితే ఈ బాధ వుండదనుకుంటాం. గుంటూరులో అద్దె ఇల్లు వెతకటం మాబోటి వాళ్ళకి రెండో డీఎస్సీ. 'మీరేమిట్లు?' అని అడుగుతారు. అడగలేనివాళ్ళు 'ఆదివారం చర్చికెళ్తారా?' అంటారు. మేం వొకచోట నెగ్గాం. ఇద్దరం ఉద్యోగస్తులం, జీతం ఠంచనుగా వస్తుంది గదా. డాబా మీద రెండు దండేలున్నయ్. వొకటి తూర్పువైపు, పొద్దున్నుంచీ ఎండ. రెండోది నీళ్ళ ట్యాంకు వెనక, నీడలో. ఇంటావిడ నవ్వుతానే చెప్పింది: "టీచరుగారూ, ఆ ముందు తీగమీద మా పూజబట్టలు ఆరేసుకుంటామమ్మా. మీరు ట్యాంకు వెనకది వాడుకోండి." గారు వుంది, అమ్మా వుంది. ఎండ మాత్రం లేదు.

వొకరోజు గాలికి మా బాబు చొక్కా ఎగిరి వెళ్ళి వాళ్ళ దండెం మీద పడింది. ఆరిపోయిన బట్టలన్నీ ఆవిడ తీసి మళ్ళీ బకెట్లో ముంచింది. నేను మెట్లమీద నిలబడి చూశాను. వొక్క మాట అనలేదావిడ. తగలటం అంత పెద్ద విషయమా అంటే, ఈ నేలమీద పెద్ద విషయమే. 1991లో సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ పెరిగి పెరిగి, ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపేదాకా పోయింది. కత్తి పట్టినవాడూ బకెట్ పట్టినావిడా వొకటని అనను. వాళ్ళిద్దరికీ నేర్పిన బడి మాత్రం వొకటే.

ఆ నెలలోనే వాయిదాల మీద వాషింగ్ మెషీన్ కొన్నాం. రెండు తొట్లది. వొకదాంట్లో వుతుకుడు, రెండోది డ్రయ్యర్. పేరుకి డ్రయ్యరే గానీ అందులో వేడి వుండదు. నిమిషానికి వెయ్యిసార్లకి పైగా తిరిగి, బట్టలోని నీటిని చిల్లుల్లోంచి బయటికి కొడుతుంది. తీసినాక ఫ్యాను కింద వేస్తే నూలుబట్ట కాసేపట్లో ఆరిపోద్ది. రెండేళ్ళు మేం డాబా ఎక్కలేదు. ఎక్కాల్సిన పని పడలేదు.

అక్టోబరు ముసురులో వొకరోజు డ్రయ్యర్ మూలిగి ఆగిపోయింది. మెకానిక్ వచ్చి, కెపాసిటర్ పోయింది, సామాను తెస్తానని వెళ్ళి పదిరోజులు రాలేదు. ఇంట్లో తాడు కట్టాం. కిటికీ వూచలకి, కుర్చీల వీపులకి వేశాం. బాబు యూనిఫాంని పొడి తువ్వాల్లో చుట్టి, తొక్కి, నీళ్ళు లాగించి, ఇస్త్రీపెట్టె పెట్టాం. వంటింట్లో ఆరేస్తే చొక్కా పోపు వాసన. తలుపులు మూసిన గదిలో ఆరేస్తే ముక్కిన వాసన, ఎందుకంటే గదిలో గాలి తడితో నిండిపోయాక ఇంక బట్ట ఆరదు. నేను ఆరో తరగతి పిల్లలకి బాష్పీభవనం చెబుతాను. వేడి, గాలి వీచటం, బట్ట పరచుకున్న మేర, గాలిలో తేమ. ఈ నాలుగింటిని బట్టే నీరు ఆవిరవుతుంది. అయిదోది కులమని ఏ పాఠంలోనూ లేదు.

ముసురు విడిచి ఎండొచ్చింది. మా ఆయన అన్నాడు: "ఇంకో నాలుగు రోజులు వోర్చుకుందాం. పైకెళ్తే గొడవ. ఈ పేటలో మనకి ఇంకో ఇల్లు ఎవరిస్తారు?" ఆయన మాటలో పిరికితనం లేదు, లెక్కుంది. అయినా అప్పుడే నాకు అసలు ప్రశ్న ఎదురైంది. అవమానాన్ని తప్పించుకుని బతకటం తప్పా?

తప్పు కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. ఎందుకంటే మనలో కొందరు పోరాడనివాణ్ణి లోకువగా చూస్తారు. పిల్లల్ని చదివించుకోవాలి, వుద్యోగం నిలుపుకోవాలి. రోజూ ప్రతి మెట్టు మీదా యుద్ధం చెయ్యమని ఎవర్నీ అడగలేం. తప్పు దండేన్ని విడదీసినవాళ్ళది. మెషీన్ కొన్నవాళ్ళది కాదు. కానీ తప్పించుకోవటం వేరు, విడుదల వేరు. డ్రయ్యర్ మా బట్టల్లో నీళ్ళు తీసింది గానీ ఆవిడ కళ్ళల్లో మడిని తియ్యలేదు. మేం కనపడకుండా పోయినందుకే రెండేళ్ళు అంతా సామరస్యంగా వుంది. వొకరు మాయమైతే తప్ప నిలవని సామరస్యం న్యాయమవుతుందా?

అమెరికాలో మనవాళ్ళున్న కాలనీల్లో కొన్నిచోట్ల బట్టలు బయట ఆరెయ్యకూడదని ఇళ్ళ సంఘాల నిబంధన వుంటుంది. దండెం కనపడితే పేదవాళ్ళ పేటలా వుంటుందనీ, ఇళ్ళ ధర పడిపోద్దనీ భయం. దానికి ఎదురు తిరిగి ఆరేసుకునే హక్కు కావాలని అక్కడ జనం అడిగారు. వెర్మాంట్ రాష్ట్రం 2009లో చట్టమే చేసింది. అక్కడ పేదరికం కనపడకూడదు. ఇక్కడ మనం కనపడకూడదు.

దాస్తే ఏమవుతుందో ఆడవాళ్ళకి బాగా తెలుసు. నెలసరి గుడ్డని చీరకింద, చీకటి మూలన ఆరెయ్యటం మా అమ్మలు నేర్చిన అలవాటు. దానికి ఎండ తగలదు, సరిగా ఆరదు, రోగం తెస్తుంది. సిగ్గుపడి దాచిన గుడ్డే మనిషికి చెరుపు చేస్తుంది. బళ్ళో ఆడపిల్లలకి నేను చెప్పేది ఇదే: బాగా వుతకండి, ఎండలో వెయ్యండి. పిల్లలకి ఈ మాట చెప్పి, ఇంటికొచ్చి తడి గుడ్డల్ని గదిలో దాచటం నాకు కుదరలేదు.

బకెట్ పట్టుకుని డాబా ఎక్కాను. తూర్పు దండెం సగం ఖాళీగా వుంది. ఆ సగంలో మా బట్టలు వేశాను. మధ్యలో జానెడు ఎడం కూడా పెట్టాను, గాలి ఆడాలి గదా. ఇంటావిడ వచ్చి, "చెప్పాను గదా టీచరుగారూ" అంది. "చెప్పారండీ. ట్యాంకు వెనక ఎండ లేదు. అద్దెలో డాబా కూడా వుంది" అన్నాను. ఆవిడ మాట్లాడకుండా దిగిపోయింది. నెలాఖరుకి కబురొచ్చింది. అమెరికా నుంచి వాళ్ళబ్బాయి వస్తున్నాడు, ఇల్లు కావాలి, ఖాళీ చెయ్యమని. మేం ఖాళీ చేసి మూణ్ణెల్లు దాటాక చూస్తే ఆ ఇంటికి టు-లెట్ బోర్డు వేలాడుతోంది.

ఇప్పుడు ఇంకో పేటలో వుంటున్నాం. అద్దె ఎక్కువ, బడి దూరం. ఆ దండెం ఖరీదు నెలనెలా కడుతున్నామని మా ఆయన అంటాడు. నిజమే. డ్రయ్యర్ బాగుచేయించుకున్నాం, వానొస్తే వాడతాం. ఎండ కాసినరోజు డాబా ఎక్కుతాం. యంత్రాలు వద్దని నేను చెప్పను. మా అమ్మ రెక్కలకి ఆ యంత్రం ముప్పైయేళ్ళ ముందే రావాల్సింది. అది మన పని తగ్గించాలి గానీ మనల్ని దాచిపెట్టకూడదు.

విద్యార్థులకీ, సంఘాల్లో పనిచేసే మిత్రులకీ వొక మాట. కులం చెరువుగట్టు మీదే వుంటుందనుకోకండి. మీ హాస్టల్ వెనక, మీరు అద్దెకున్న ఇంటి డాబా మీద, అపార్టుమెంటు పైకప్పు మీద దండేలు చూడండి. ఎవరి బట్టలు ఎండలో వున్నయ్, ఎవరివి నీడలో వున్నయ్, ఎవరివి అసలు కనపడటం లేదు? ఆ లెక్క రాసుకుని రండి. చట్టంలో లేని మాటని చట్టంలోకి ఎట్లా తేవాలో కూర్చుని మాట్లాడుకుందాం.