పాత్రదోషము

దైవసన్నిధిని పాడు గీతమును కూర్చినవాడు శీలవంతుడు కానిచో ఆ గీతమునకు దోషమంటునా? ఈ ప్రశ్నను శుష్కతర్కమునకు విడువక యొక మనుష్యుని జీవితమున పరీక్షింపగోరి, ఎలిజబెత్ రాణి కడపటి యేండ్ల ఇంగ్లండున మాడ్రిగల్ రచయితలలో అగ్రగణ్యుడైన థామస్ వీల్క్స్‌ను స్మరించుచున్నాను.

ఇటలీనుండి వచ్చిన మాడ్రిగల్, కొలదిమంది గాయకులు తలకొక వరుసను పట్టి, ఒకే పద్యమును పెనవైచుకొనుచు పాడు పాట. పద్యమందలి మాటను స్వరముతో చిత్రించుట దాని సొగసు. 1601లో సంగీతకర్త మోర్లీ ప్రకటించిన ‘ది ట్రయంఫ్స్ ఆఫ్ ఒరియానా’ సంపుటమున వీల్క్స్ ఆరు గొంతుకలకు కూర్చిన పాటయందు, డయానా దేవి చెలికత్తెలు కొండ దిగి పరుగిడునపుడు స్వరములును దిగును. వారు ఇద్దరేసి నడచునెడ రెండు గొంతుకలు, ముగ్గురేసి నడచునెడ మూడు వినవచ్చును. దేవి యేకాకినియై మిగిలినంతనే గొంతుకయు నొక్కటియే మిగులును. ఈ శిల్పమునే యతడు దైవగీతములకును వినియోగించెను. బైబిలులోని దావీదు రాజు తన కొడుకు అబ్షాలోము మరణవార్త విని విలపించు ఘట్టమున, కుమారుని పిలుచు పిలుపు గొంతుకనుండి గొంతుకకు ప్రాకి, ఆగి, మరల లేచును.

ఇట్టివాడు చిచెస్టర్ కథీడ్రలున ఆర్గన్ వాయించుచు, బాలగాయకులకు పాఠము చెప్పుచు, మద్యపానము చేతను దుర్భాషల చేతను అపకీర్తి పాలై 1617లో ఆ పదవినుండి తొలగింపబడెను. 1622 నాటికి మరల నియుక్తుడై, 1623లో లండనులో మరణించెను.

ఇట్టి ప్రశ్ననే తీర్చుచు, 1571 నాటి ఆంగ్లచర్చి ముప్పదితొమ్మిది సూత్రములలో ఇరువదియాఱవది, బోధకుని దుర్నడత బాప్తిస్మము మొదలగు సంస్కారముల ఫలమును చెఱుపజాలదని చెప్పి, అట్టివానిని విచారించి తొలగింపవలెననియు విధించుచున్నది. సంస్కారము దేవుని కార్యము, గీతము మానవుని కౌశలము గనుక ఆ సూత్రము పాటగానికి వర్తింపదని యెవరైన ననవచ్చును. కాని తాగినవాని చేయి వణకిన నాడు చెడినది ఆనాటి వాయిద్యమే. కాగితముపై నిలిచిన దావీదు దుఃఖము చెడలేదు. దోషము పాటకంటలేదు, గురువు నోట తిట్లు వినవలసివచ్చిన పిల్లలకంటినది. మహారచన చేసినాడని గురుపీఠమున నుంచుట యెంత తప్పో, గురుపీఠమునకు తగడని రచనను పాఱవైచుట యంతే తప్పు.

ఇంగ్లండు కథీడ్రళ్లలో నేటికిని అతని గీతములు పాడుచున్నారు. పాటను నిలుపుకొనుటయు న్యాయమే, పదవి తీసివేయుటయు న్యాయమే.